నిద్ర మాస్టారి పక్క సీటు

మా డ్రైవింగ్ మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. బండి రోడ్డెక్కగానే నిద్రపోతారు.

ఏదో చిన్న కునుకు అనుకునేరు. సీటు వెనక్కి వాల్చి, చలువ కళ్ళద్దాలు సర్దుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, గురక పెట్టి మరీ నిద్రపోతారు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, నేర్పే పెద్దమనిషి వేసవి సెలవులకు మేనమామ ఇంటికొచ్చిన పిల్లాడిలా హాయిగా పడుంటారు. పక్కన లారీ టైరు పేలినా సరే, ఆ గురక తాళం తప్పదు. అందుకే ఆయన దగ్గర నేర్చుకున్న చిన్నా పెద్దా అందరికీ ఆయన నిద్ర మాస్టారు. ఆ మాట ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతారు, మెలకువగా ఉంటే.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళం మామూలు వాళ్ళం కాదు. ఒకరికి కాలు మాట వినదు, ఒకరికి చెయ్యి మాట వినదు. బ్యాంకులో రిటైరై, పక్షవాతం వచ్చి తేరుకున్న బ్యాంకు తాతగారికి కుడికాలు పనిచేయదు కాబట్టి ఆయన కోసం యాక్సిలరేటరు ఎడమవైపు బిగించారు. నాకైతే కాళ్ళతో పనే లేకుండా, బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ చేతి లీవరుకే వచ్చేలా చేశారు. ఇలాంటి మమ్మల్ని రోడ్డు మీద వదిలేసి ఆ మహానుభావుడు నిద్రపోయేవారు!

నేను కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. ఓసారి షాపు బోర్డు వంకరగా ఉందని నిచ్చెనెక్కాను. బోర్డు సరిగ్గా నిలబడింది, నేను పడ్డాను. వెన్ను దెబ్బతిని నడుము కింద భాగం నా మాట వినడం మానేసింది. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాక, "చేతులు బాగున్నాయి, బుర్ర బాగుంది, నోరు మరీ బాగుంది" అని మా అత్తయ్య సర్టిఫికెట్ ఇచ్చింది. నిజమే. కుర్చీలో తిరగడం, కుర్చీలోంచి మంచం మీదకు మారడం, వంటగదిలో స్టవ్వు ఎత్తు తగ్గించుకుని వండుకోవడం అన్నీ అలవాటయ్యాయి. అలవాటు కానిది ఒక్కటే, చూపులు.

నేను మంచినీళ్ళు తాగితే ఇంటిల్లిపాదీ గ్లాసు వంకే చూసేవారు. కూర తరిగితే మా ఆయన కత్తి వంక చూసేవారు. స్నానానికి వెళితే మా అత్తయ్య తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మాయ్, బాగానే ఉన్నావా?" అని అడుగుతూనే ఉండేది. ప్రేమ కాదా అంటే ప్రేమే. కానీ ఎవరైనా అలా చూస్తూ కూర్చుంటే, చేతిలో చెంచా కూడా వణుకుతుంది. జీవితమంతా ఇతరుల కళ్ళు చూసిన నేను, నన్ను చూసే కళ్ళకు భయపడటం మొదలుపెట్టాను.

అందుకే ఓ రోజు అన్నం దగ్గర ప్రకటించాను. "నేను కారు నేర్చుకుంటాను. షాపుకు నేనే వెళ్తాను."

మా ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. "నేను దింపుతున్నాను కదా?"

"దింపుతున్నారు. ఎక్కిస్తున్నారు. మళ్ళీ దింపుతున్నారు. నేను మనిషినా, గ్యాసు బండనా?"

మొదట దొరికిన మాస్టారికి నేను జాగ్రత్త మాస్టారు అని పేరు పెట్టాను. తలుపు పిడి రెండు చేతులతో పట్టుకుని, "జాగ్రత్తమ్మా, జాగ్రత్త, అయ్యో జాగ్రత్త!" అనేవారు. ఆయన మొహంలో ఎప్పుడు ఏ రంగు మారుతుందోనని నేను ఆయన్నే చూస్తూ నడిపాను. ఎదురుగా ఉన్న గేటు స్తంభాన్ని చూడలేదు. స్తంభానికి ఏమీ కాలేదు. మాస్టారు మాత్రం మర్నాటి నుంచి ఫోను ఎత్తలేదు.

కారు మీద ఆశ వదిలేసుకుంటున్న సమయంలో, నాతో కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి చెప్పింది. "అక్కా, ఒకాయన ఉన్నారు. నేర్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. కాకపోతే..."

"కాకపోతే?"

"కొంచెం నిద్ర మనిషి."

తీరా వెళితే, మొదట కొన్నాళ్ళు నిద్ర ఆనవాలే లేదు. ఖాళీ మైదానంలో మాస్టారు డేగ చూపుతో కారు చుట్టూ తిరుగుతూ ప్రాణం తోడేసేవారు. కుర్చీలోంచి సీటులోకి నున్నటి చెక్కపలక మీదుగా జరగడం, జరిగాక పలక ఎక్కడ పెట్టుకోవాలో, కుర్చీ ఎలా మడవాలో నేర్పారు. నడుము బెల్టుకు తోడు ఛాతీకి ఇంకో పట్టీ బిగించారు, మలుపులో ఒళ్ళు పక్కకు ఒరగకుండా. కాళ్ళు వాటంతటవే అదిరి పెడల్ మీద పడకుండా రేకు తడిక అడ్డం పెట్టారు. స్టీరింగు మీద గుండ్రటి బొడిపె ఒకటి బిగించి, ఒంటి చేత్తో చక్రం తిప్పడం నేర్పారు.

రెండో చేతికి లీవరు. "లాగితే సాగుతుంది, తోస్తే ఆగుతుంది. చెప్పు?"

"లాగితే సాగుతుంది, తోస్తే ఆగుతుంది."

"తోస్తేనే ఎందుకు ఆగాలి? లాగితే ఆగకూడదా?"

"తెలీదు మాస్టారూ."

"బండి గట్టిగా ఆగితే మనిషి ఎటు పడతాడు? ముందుకు. అప్పుడు చెయ్యి కూడా ముందుకే తోస్తుంది. బ్రేకు ఇంకా గట్టిగా పడుతుంది. అదే తిరగేసి పెడితే, పడినప్పుడల్లా స్పీడు పెరుగుతుంది. అర్థమైందా? ఇప్పుడు బండి తీయకముందే లీవరు తోసి చూడు. ప్రతిసారీ చూడు. నిన్న పనిచేసింది కదా అనకు."

ఇంత గట్టి మనిషికి నిద్ర మాస్టారని పేరెందుకు పెట్టారా అని నాకు ఆశ్చర్యం వేసింది. రోడ్డెక్కిన రోజున ఆశ్చర్యం తీరిపోయింది.

"కుడివైపు అద్దం?"

"చూశాను మాస్టారూ."

"ఎడమవైపు?"

"చూశాను."

"నడిమి అద్దం?"

"చూశాను."

"అన్నీ నువ్వే చూశావు కదా తల్లీ, ఇక నాకేం పని?" అంటూ సీటు వాల్చేశారు. మైదానం గేటు దాటామో లేదో, గుర్ర్... ఫూ!

"మాస్టారూ!"

గుర్ర్... ఫూ!

"మాస్టారూ, ఎదురుగా బస్సొస్తోంది!"

గుర్ర్!

బస్సు దాని దారిన అది పోయింది. నేను నా దారిన పోయాను. అరవడానికి మనిషి లేడు, భయపడి చూద్దామంటే మొహంలో రంగు మారదు. ఇక చేసేదేముంది? రోడ్డు చూశాను. చాలా కాలం తర్వాత, నన్నెవరూ చూడని చోట నేను ఒక్కదాన్నే ఏదో చేస్తున్నాను.

కొద్ది రోజులకు ఆ గురక నాకు బాగా అలవాటైపోయింది. అందులో రాగాలున్నాయి. రోడ్డు ఖాళీగా ఉంటే సాఫీగా సాగేది. నేను స్పీడు పెంచితే చివర్లో సన్నటి ఈల కలిసేది. ముందు బండికి మరీ దగ్గరగా వెళితే పొలమారినట్టు దగ్గేవారు. ఒక్కోసారి నిద్రలో పలవరించేవారు కూడా. "వెనకాల... వెనకాల ఎవరో వస్తున్నారు..." అనేవారు. పాపం పీడకల కాబోలని జాలిపడి అద్దంలో చూస్తే, నిజంగానే వెనక వ్యాను ఉండేది. పెద్దాయనకు కలలు కూడా ట్రాఫిక్‌వే వస్తున్నాయనుకున్నాను.

బ్యాంకు తాతగారి పద్ధతి వేరు. మాస్టారు నిద్రపోకుండా ఉండాలని ఆయన ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చి, బండి ఎక్కకముందే కప్పు మీద కప్పు తాగించేవారు. కాఫీ అంతా తాగి మాస్టారు కమ్మగా పడుకునేవారు. దాంతో తాతగారు గొంతెత్తి పాటలు పాడటం మొదలుపెట్టారు. ఎలాగైనా లేపాలని ఎంత గట్టిగా పాడేవారంటే, సిగ్నల్ దగ్గర పక్క బండ్లవాళ్ళు అద్దాలు ఎక్కించేసుకునేవారు. మాస్టారు మాత్రం లేచేవారు కాదు. పాట ధ్యాసలో తాతగారే తన భయం సంగతి మరిచిపోయి, ఎడమకాలితో బండిని పల్లకీలా నడిపేవారు.

ఈ నిద్ర కబురు మా ఆయన చెవిన పడింది. మర్నాడు స్కూటరు వేసుకుని మా వెనకే వచ్చారు. సిగ్నల్ దగ్గర స్కూటరు పక్కన నిలిపి మాస్టారి కిటికీ అద్దం దబదబా బాదారు. మాస్టారు మెల్లగా అద్దం దించారు.

"ఎవరండీ మీరు?"

"ఆవిడ మొగుణ్ణి! మీరు నిద్రపోతున్నారేంటండీ?"

"నడిపేది ఆవిడ కదండీ. ఆవిడ నిద్రపోతే అప్పుడు చెప్పండి. మీకు బండి నడపడం వచ్చా?"

"వచ్చు!"

"అయితే నా దగ్గర మీరు నేర్చుకునేదేమీ లేదు. పచ్చ లైటు పడింది, పదండి." అద్దం ఎక్కించేసి, గుర్ర్... ఫూ!

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఉడికిపోయారు. "రేపటి నుంచి నువ్వు వెళ్ళడానికి వీల్లేదు."

"వెళ్తాను."

"ఆ మనిషిని నమ్మి ఎలా పంపమంటావు?"

"ఆయన్ని నమ్మొద్దు. నన్ను నమ్మండి."

మా అత్తయ్య మజ్జిగ పోస్తూ, "నోరు మరీ బాగుందని నేను ముందే చెప్పాను కదరా" అంది. మా ఆయన నవ్వలేదు కానీ, ఆపనూ లేదు.

తర్వాత కొన్నాళ్ళకే ఆ పరుపు సంగతి జరిగింది. బజారు దాటాక మా ముందు ఒక చిన్న ట్రాలీ వెళ్తోంది. దాని మీద పరుపు, పరుపు మీద కూర్చుని దాన్ని పట్టుకున్న మనిషి. గతుకులో ట్రాలీ ఎగిరిపడింది. పరుపు జారి రోడ్డు మధ్యన పడింది. అది చాలదన్నట్టు, ఆ మనిషి కూడా వెనకా ముందూ చూడకుండా కిందికి దూకి, పరుపు కోసం సరిగ్గా నా బండికి ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు.

ఆలోచించానా అంటే లేదు. చెయ్యి తోసేసింది. నా ఒళ్ళంతా ముందుకు ఊగింది, ఛాతీ పట్టీ పట్టి ఆపింది, చెయ్యి ఇంకా తోసింది. బండి కీచుమని ఆగింది. ఆ మనిషి పరుపును గట్టిగా కౌగిలించుకుని, నా బానెట్‌కు అంగుళాల దూరంలో, కళ్ళు ఇంతలేసి చేసుకుని నన్నే చూస్తూ నిలబడిపోయాడు. నేనూ అతన్ని చూస్తూ ఉండిపోయాను. మా ఇద్దరికీ ఊపిరి ఒకేసారి వచ్చింది.

అప్పుడు మాస్టారు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. ముందుకు చూశారు.

"పరుపా? నాకోసం తెప్పించావా ఏంటి తల్లీ?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. స్టీరింగు మీద తల పెట్టుకుని రెండూ కానిచ్చాను. నేను తేరుకున్నాక, "అద్దాలు చూసుకుని పోనీ" అని మాత్రం అన్నారు మాస్టారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి చెప్పాను. "పక్కన మనిషి నిద్రపోతున్నాడు. బండిని నేనే ఆపాను. నేనొక్కదాన్నే." మా ఆయన చాలాసేపు నా చేతుల వంక చూశారు. మా అత్తయ్య వెళ్ళి, స్నానాలగది ముందున్న తన కుర్చీ తీసుకొచ్చి టీవీ ముందు వేసుకుంది.

ఇక లైసెన్సు పరీక్ష. నా పక్కన బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు కూర్చున్నారు. రెప్ప కూడా వేయకుండా చూస్తారు. బండిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు తెలిసింది నాకు, గురక లేకపోతే నాకు బండి నడపడం రాదని! స్పీడు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఈల లేదు. మాస్టారి గురకను మనసులో తలుచుకున్నాను. చెయ్యి కుదుటపడింది. మలుపులు తిరిగాను, వెనక్కి తీశాను, ఇరుకు సందులో పార్కు చేశాను.

దిగబోతూ ఆయన అడిగారు. "బాగా నడిపారమ్మా. కానీ దారి పొడవునా ఆ గుర్రుమనే చప్పుడు మీరేనా చేసింది?"

లైసెన్సు వచ్చింది. నాకు అమర్చిన లీవరుతో నా సొంత బండి కూడా వచ్చింది. మొట్టమొదట మాస్టారి ఇంటికే వెళ్ళాను, భార్యాభర్తలిద్దరినీ అలా తిప్పి తీసుకొద్దామని. గేటు దగ్గరకు మాస్టారూ, ఆయన భార్యా ఎదురొచ్చారు. ఆవిడ బొద్దుగా, నవ్వు మొహంతో ఉన్నారు.

"రండి పిన్నిగారూ, ఎక్కండి. మాస్టారు ఈ రోజు కూడా హాయిగా నిద్రపోవచ్చు" అన్నాను.

"నిద్రా? ఎవరూ, ఈయనా?"

"అవును, రోడ్డెక్కితే చాలు గురకే కదా!"

ఆవిడ భర్త వంక చూశారు. మాస్టారు మామిడిచెట్టు వంక చూశారు.

"అమ్మాయ్, ఈయన బండెక్కితే నిద్రపోరు. మా పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, రైల్లో కూడా కన్ను మూయరు. డ్రైవరు సరిగ్గా నడుపుతున్నాడో లేదోనని తెల్లార్లూ కూర్చుంటారు. ఇక గురకంటావా, మా ఇంట్లో గురక పెట్టేది నేను."

"మరి మాస్టారిది?"

"ఎలా ఉంటుందేమిటి?"

ఎలా ఉంటుందో చేసి చూపించాను. నాకు బాగా వచ్చు కదా. ఈలతో సహా.

పిన్నిగారి మొహం జేవురించింది. "ఏమండీ! అది నా గురక! నా గురకను ఊరంతా తిప్పుతున్నారా?"

"నాకు తెలిసింది అదొక్కటే కదోయ్" అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ.

నాకు నవ్వు రాలేదు. "అంటే... మీరు మెలకువగానే ఉన్నారా? ఎప్పుడూనా?"

"మరి? నిద్రపోతే పిల్లల ప్రాణాలకు ఎవరు పూచీ? నా వైపు ఇంకో బ్రేకు ఉంది కదమ్మా. కాలు దాని పక్కనే ఉండేది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మొదట్లో నేనూ కళ్ళు పెట్టి చూసేవాణ్ణి. నేను చూస్తున్నంతసేపూ మీరెవరూ రోడ్డు చూడరు, నా మొహం చూస్తారు. అప్పటికే ఇంట్లో అందరూ చూసి చూసి మిమ్మల్ని బెదరగొట్టేసి ఉంటారు. ఓసారి కళ్ళకలక వచ్చి నల్లద్దాలు పెట్టుకుని వెనక్కి వాలాను. పక్కనున్న పిల్ల, నేను నిద్రపోయాననుకుని, ఎంత చక్కగా నడిపిందో! అప్పటి నుంచి ఇంతే."

రోజూ కళ్ళు పరీక్ష చేసే నేను, ఆ నల్లద్దాల వెనక కళ్ళు తెరిచి ఉన్నాయని కనిపెట్టలేకపోయాను. కానీ నా బాధ అది కాదు. అసలు సంగతి అడిగేశాను.

"మాస్టారూ, పరుపు రోజున బండి ఆపింది ఎవరు?"

ఆయన జవాబు చెప్పేలోపే పిన్నిగారు అందుకున్నారు. "ఆ పరుపు సంగతా! ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఎగిరారనుకున్నావు? పాలవాడికి చెప్పారు, పక్కింటివాళ్ళకు చెప్పారు, ఫోను చేసి మా తమ్ముడికి చెప్పారు. 'నా కాలు లేచింది, దిగేలోపే అమ్మాయి ఆపేసింది! నాకంటే ముందు ఆపేసింది!' అని."

"నిజంగా?" అన్నాను మాస్టారితో.

"నేను నొక్కడానికి నువ్వేమీ మిగల్చలేదు తల్లీ" అన్నారాయన.

"థాంక్స్ మాస్టారూ" అన్నాను.

"సర్లే, ముందు సీటు నాది" అని పిన్నిగారు ఎక్కి కూర్చున్నారు. మాస్టారు వెనక కూర్చున్నారు. లీవరు తోసి చూసుకుని, అద్దాలు చూసుకుని బయల్దేరాను. ఊరు దాటామో లేదో, నా పక్కన అసలు సిసలు గురక మొదలైంది. గుర్ర్... ఫూ! తేడా ఏమీ లేదు. మాస్టారు గొప్ప విద్యార్థి.

అద్దంలో వెనక్కి చూశాను. ఆయన కర్రలా నిటారుగా కూర్చుని, కుడికాలితో నేల మీద గట్టిగా నొక్కుతున్నారు.

"మాస్టారూ, అక్కడ బ్రేకు లేదు."

"నాకు తెలుసమ్మా. కాలికే తెలియదు."

నవ్వుకుని రోడ్డు మీద చూపు పెట్టాను. మలుపులు వచ్చాయి, వంతెన వచ్చింది, ఒక లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. వెనక నుంచి దగ్గు లేదు, పలవరింత లేదు. ఒక చుట్టు తిరిగొచ్చి, వాళ్ళ ఇంటి దగ్గరి సిగ్నల్‌లో బండి ఆపి అద్దంలో చూశాను.

మాస్టారు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. కళ్ళద్దాలు ఒళ్ళో పడి ఉన్నాయి. కాలు నేల మీద వదులుగా పడి ఉంది. చప్పుడు లేదు, ఈల లేదు. ఆయన అసలు నిద్ర చంటిపిల్లాడి నిద్ర.

బండి ఆగిన కుదుపుకు పిన్నిగారికి మెలకువ వచ్చింది. వెనక్కి తిరిగి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో అయ్యో, ఈయన బండిలో నిద్రపోయారే!" అన్నారు గుసగుసగా. "ఇల్లొచ్చేసిందిగా, లేపనా?"

"వద్దు పిన్నిగారూ, ఉండనీండి" అన్నాను.

పచ్చ లైటు పడింది. వాళ్ళ ఇంటికి వెళ్ళే మలుపు వదిలేసి, గతుకులు లేని రోడ్డు చూసుకుని, నేరుగా పోనిచ్చాను.